గోదావరిని గీసిన దామెర్ల రామారావు

మీ పిల్లల లెక్కల నోటుబుక్కు ఎప్పుడైనా వెనక నుంచి తిరగేశారా? ఓ కొండ, రెండు తాటిచెట్లు, ఒక పడవ కనిపిస్తాయి. చూడగానే మనకు కోపమే వస్తుంది. ఈ నెల మీకు చెప్పబోయేది అలా బొమ్మల మీదే ధ్యాస ఉన్న ఒక తెలుగు కుర్రాడి గురించి.

దామెర్ల రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. ఆ రోజుల్లో డిగ్రీ చేతికొస్తే ప్లీడరో, గుమాస్తానో కావచ్చు. బొమ్మలు గీసే పిల్లాడికి ఏ దారీ కనపడేది కాదు. ఆయన బొమ్మలు అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కంట పడటమే అదృష్టం. కూల్డ్రే ఇంగ్లిషువాడు, తానూ బొమ్మలు వేసేవారు. అడివి బాపిరాజుగారు కూడా ఆయన శిష్యులే. పాఠాలు చెప్పి ఊరుకుంటే ఆయన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆయన ఈ కుర్రాణ్ణి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపే పూచీ తీసుకున్నారు. 1916లో రామారావు అక్కడికి వెళ్లారు. బొమ్మలు చూసిన ఆ స్కూలు ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఏకంగా మూడో సంవత్సరంలో చేర్చుకున్నారు.

బొంబాయిలో నేర్పింది పాశ్చాత్య పద్ధతి: వెలుగునీడలు, దూరం దగ్గర కొలతలు. అజంతా గోడల మీది గీతలో ఉన్న ఒంపు వేరు. రామారావు ఈ రెంటినీ కలిపి, అందులో మన మనుషుల్నీ మన నదినీ పెట్టారు. 'తూర్పు కనుమల్లో గోదావరి' అని ఆయన చిత్రం ఒకటుంది. కొండల మధ్య ఇరుకుగా సాగే ఆ నదిని పాపికొండల పడవ ప్రయాణంలో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయన 'ఋష్యశృంగ బంధనం' కలకత్తా ప్రదర్శనలో బహుమతి గెలిచింది.

అంత పేరొచ్చాక బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడవచ్చు. ఆయన మాత్రం రాజమండ్రికే తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టారు. నన్నడిగితే, ఆయన బొమ్మలన్నిటికన్నా పెద్ద పని అదే. తనకు దొరికిన గురువు లాంటివాడు మిగతా తెలుగు పిల్లలకూ దొరకాలి కదా! ఇంట్లోనూ అదే గాలి: భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రకారిణులే.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. 28 ఏళ్లు నిండటానికి ఇంకా నెల ఉంది. ఆ జబ్బు మన దేశం వదిలి వెళ్లింది 1975లో, అదీ టీకాల వల్లే. టీకా కార్డు దాచి ఉంచండని స్కూలు పదేపదే అడిగేది ఊరికే కాదు.

ఆయన పోయాక కళాశాల ఆగిపోలేదు. స్నేహితుడు వరద వెంకటరత్నం దాన్ని భుజాన వేసుకుని నడిపారు. రామారావు నూనెరంగుల, నీటిరంగుల చిత్రాలు, పెన్సిల్ స్కెచ్‌లు ఇప్పుడు రాజమండ్రిలో ఆయన పేరిటే ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. మన హనుమంతునిపాడు వైపు నుంచి వెళ్లేవారు మార్కాపురం రోడ్డులో రైలెక్కి గుంటూరు, విజయవాడ మీదుగా వెళ్లవచ్చు. గోదావరి స్నానానికి వెళ్లినప్పుడు ఓ గంట దీనికి మిగుల్చుకోండి. పిల్లల చేతికి పెన్సిలు, తెల్లకాగితాలు ఇవ్వడం మరవకండి.