అడవి బడి పంతులుగారు

బస్తరు సీమలో, నేటి సుక్మా జిల్లాయందు, చింతలనారు అను పల్లె కలదు. ఆ పేరు చెవిని పడగానే తెలుగువానికి చింతచెట్లు జ్ఞప్తికి వచ్చును. నారు అనగా గోండుల భాషలో ఊరు. తెలుగు నేలకు అంత దూరము కాని ఆ అడవులలో కోయలు, దొర్లలు నివసింతురు. ఇంట గోండీయో దొర్లీయో, సంతలో కొంత తెలుగు, బడిలో హిందీ: ఇట్లు ఐదేండ్ల బిడ్డ నెత్తిపై మూడు భాషల బరువు పడుచుండును. 2005 తరువాతి కల్లోలములో ఆ ప్రాంతపు బడులు అనేకము కూలిపోయినవి, మూతపడినవి. కొన్నేండ్లకు వాటిని తిరిగి తెరచునప్పుడు గోడలు లేపుట సులభముగానే ఉండినది. ఉపాధ్యాయుడు దొరకుటయే దుర్లభమైనది. బయటినుండి వచ్చినవాడు నిలువడు. నిలిచినను పిల్లల మాట అతనికి తెలియదు, అతని మాట పిల్లలకు తెలియదు. తుదకు ఆ యా ఊళ్ల యువకులనే శిక్షాదూతలను పేర నియమించి బడులు నడిపించినారు.

ఈ చిక్కునే దాదాపు నూట ముప్పది ఏండ్ల క్రిందట, బస్తరుకు తూర్పున, సముద్రతీరపు మైదానము ముగిసి కొండలు మొదలగు పర్లాకిమిడిలో ఒక బడిపంతులు తనంత తానుగా నెత్తికెత్తుకొన్నారు. ఆయనకు ప్రభుత్వపు ఉత్తరువు లేదు, నిధి లేదు. పాఠ్యపుస్తకము లేదు. ఆ పిల్లలు మాటలాడు భాషకు లిపియే లేదు. ఆయనయే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని ఎరుగని తెలుగువారు లేరు. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీయే తెలుగు భాషా దినోత్సవము. కాని ఆ మహోద్యమమునకు పూర్వమే, సవర బిడ్డలకై స్వంత సొమ్ముతో వారు నడపిన ప్రాథమిక పాఠశాలల కథ ఆ కీర్తి వెలుగులో ఒక మూల ఒదిగిపోయినది. దానిని ముందుకు తెచ్చినగాని ఉద్యమనాయకుడు కూడ సరిగా అర్థము కాడు.

పంతులుగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్ర సమీపమునగల పర్వతాలపేటలో జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. పండ్రెండవ ఏట, 1875లో, తండ్రి గతించినారు. తరువాత విజయనగరము చేరి, బంధువుల అండను మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషను ముగించినారు. అచ్చట సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. తెలుగు భాషా చరిత్రనే మలుపు త్రిప్పిన ఇరువురు ఒకే బడిలో చదువుకొనుట కాకతాళీయమే కావచ్చును గాని, ఆ బడి అదృష్టము మాత్రము సామాన్యమైనది కాదు.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరినారు. ఫస్టుఫారము పిల్లలకు చరిత్ర చెప్పుట వారి పని. పని చేయుచునే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., అటుపిమ్మట బి.ఏ. పరీక్షలు కృతార్థులైనారు. చరిత్ర చెప్పువానికి శాసనములు చదువరాకున్న లోటని తలచి ఆ విద్యయు తామే నేర్చుకొన్నారు; ముఖలింగ దేవాలయములలోని శాసనములను పరిశీలించి, ప్రాచీన కళింగనగరము అదియేనని వాదించి వ్యాసములు ప్రకటించినారు. ఏ విషయమునైనను మూలము ముట్టువరకు పోవుట వారి స్వభావము. సవర భాష విషయములోను అదియే జరిగినది.

సవరలు పర్లాకిమిడి చుట్టునుగల కొండలపై నివసించు ప్రాచీన జాతి. ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రులను పేర్కొన్న తావుననే శబరులను కూడ పేర్కొన్నారు. అనగా వేదవాఙ్మయపు కాలమునుండియు ఇరుగుపొరుగువారమన్నమాట. ఇన్ని శతాబ్దములు ప్రక్కప్రక్కన ఉండియు ఆ భాష నేర్చిన తెలుగువాడు లేకపోవుట మన పాండిత్యమునకు శోభనిచ్చు విషయము కాదు. సవరలు కొండ దిగి సంతకు వచ్చెడివారు. బేరము, అప్పు, అర్జీ అన్నియు దుబాసీల నోటిమీదుగానే జరుగవలసి ఉండెడివి. భాష రానివాని నోటికి, లెక్క రానివాని చేతికి నడుమ నిలిచినవానికి ఎంత లాభము ఉండునో ఊహింపవచ్చును. ఆ కొండవారికి చదువు రావలెనని పంతులుగారికి తోచినది. చదువు చెప్పవలెనన్న ముందు వారి భాష తమకు రావలెను.

తెలుగు, సవర భాషలు రెండును తెలిసిన వ్యక్తి నొకరిని ఇంటనే పెట్టుకొని, బడిపని ముగిసిన తరువాత శిష్యుడై కూర్చుండి నేర్చుకొన్నారు. సదాచార బ్రాహ్మణ కుటుంబములో, ఆ కాలములో, ఇది ఇంటిల్లిపాది సహనము లేనిదే సాగు పని కాదు. ఏండ్ల తరబడి సాగినది. కారణము, సవర తెలుగునకు చుట్టము కాదు. అది ముండా కుటుంబమునకు చెందినది. సంథాలీ, ముండారీ దాని బంధువులు. గొంతులో శ్వాసను చటుక్కున ఆపి పలుకు ధ్వని ఒకటి అందు మాటిమాటికి వచ్చును. తెలుగు చెవి దానిని పట్టజాలదు, తెలుగు లిపి దానిని చూపజాలదు. క్రియాపదములోనే కర్మపదము కుదించుకొనిపోయి ఇమిడిపోవుట మరియొక వింత. మనము రెండు మూడు మాటలలో చెప్పునది వారు ఒక్క మాటలో చెప్పుదురు.

లెక్క సంగతి మరింత చిత్రమైనది. మన లెక్క పదులమీద నడచును. సవరలకు పండ్రెండు వరకు వేరు వేరు పేర్లు ఉన్నవి. పదమూడన్నచో పండ్రెండును ఒకటియు. ఇరువది చేరగానే అది ఒక కొడి అగును. ముప్పది మూడనుటకు ఒక కొడియు పండ్రెండును ఒకటియు అని చెప్పవలెను. ఇట్టి లెక్క ఉగ్గుపాలతో నేర్చిన బిడ్డను తెచ్చి తెలుగు ఎక్కాలముందు కూర్చుండబెట్టిన పంతులు ఆ బిడ్డను మందబుద్ధి అనుట సులభము. బిడ్డ లెక్క బిడ్డకు వచ్చును. పంతులుకు రానిది ఆ బిడ్డ లెక్క. ప్రాథమిక విద్యలో ఈ సూక్ష్మము గ్రహించిన ఉపాధ్యాయులు ఆ కాలములో మిక్కిలి అరుదు.

భాష వశమైన పిమ్మట తెలుగు లిపిలో సవర వాచకములు వ్రాసినారు. సవరల కథలు, పాటలు సేకరించినారు. తెలుగు సవర నిఘంటువు కూర్చినారు. పుస్తకము తయారైనంత మాత్రమున బడి కాదు గదా! తెలుగు పంతులు సవర ఎరుగడు, పైగా కొండజ్వరమునకు వెరచి మన్యము ఎక్కడు. సవర ఎరిగినవానికి అక్షరము రాదు. పుస్తకమును, ఉపాధ్యాయుని ఒకేమారు తయారుచేసికొనవలసి వచ్చినది. భాష తెలిసినవారిని వెదకి, వారికి పాఠము చెప్పు తీరు నేర్పి, బడులు పెట్టించి, ఆ ఉపాధ్యాయుల జీతములు తమ జీతములోనుండి చెల్లించినారు. నెలజీతముపై సంసారము గడుపువారికి ఈ వాక్యమును విడమరచి చెప్పనక్కరలేదు. ఒకటవ తేదీన చేతికి వచ్చిన సొమ్ములో ఇంటి బియ్యపు ఖర్చు ఒక ప్రక్క, కొండమీది పంతులు జీతము ఒక ప్రక్క. ఇట్లు నడచు బడులు ఎన్నో ఉండజాలవు. కాని ఉన్న కొద్దిపాటి బడులలోనే సవర బిడ్డ మొదటి అక్షరమును తన తల్లి మాటలోనే చదివినాడు. ఆ జాతికి అది క్రొత్త.

క్రమముగా మద్రాసు ప్రభుత్వపు దృష్టి ఈ కృషిపై పడినది. వారి సవర పుస్తకములను ప్రభుత్వము స్వీకరించినది. పారితోషికముగా ఏమి కావలెనని అడుగగా తమకేమియు వలదనియు, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టిన చాలుననియు పంతులుగారు కోరినారని ప్రతీతి. 1913లో ప్రభుత్వము వారిని రావుసాహెబు బిరుదముతో గౌరవించినది. ఆ బిరుదము వారి పుస్తకముల ముఖపత్రములపై కనిపించును గాని, వారి నడవడిలో ఎన్నడును కనిపించినట్లు లేదు.

ఈ సేవకు వారు చెల్లించిన మూల్యము రూపాయలలో తేలునది కాదు. 1900లో నౌపడానుండి పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చినది గాని, ఆపై కొండలలోనికి కాలినడకయే శరణ్యము. సవర పల్లెలు తిరుగగా తిరుగగా మన్యపు చలిజ్వరము పట్టుకొన్నది. ఆ రోజులలో దానికి క్వినైనే మందు. అది అధికముగా సేవింపవలసి వచ్చుటచే చెవుడు కలిగినది. చిత్రకారునికి కన్ను ఎట్టిదో భాషాపరిశోధకునికి చెవి అట్టిది. అందును లిపిలేని భాషకు చెవియే గ్రంథము, చెవియే నిఘంటువు. ఆ సవర మాటకై పోయి చెవిని పోగొట్టుకొన్న పెద్దమనిషి సవర పనిని మాత్రము మానలేదు. కుమారుడు గిడుగు సీతాపతిగారు చేదోడుగా నిలిచినారు. సవరల పాటలను సేకరించుటలో, ఆ భాష ధ్వనులను శాస్త్రీయముగా పరిశీలించుటలో ఆయనకును ప్రసిద్ధి కలదు.

1906-07 ప్రాంతములలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఏ. యేట్సు దొర, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత అంతరమేల అను సందేహమును లేవనెత్తినాడు. పండితులు అనేకులకు అది ధిక్కారముగా తోచినది. పంతులుగారికి మాత్రము అది ఎరిగిన ప్రశ్నయే. సవర బిడ్డకు తెలుగు ఎట్లు పరాయిదో, తెలుగు బిడ్డకు కావ్యభాష కొంత అట్లే పరాయిది అని వారు బడిలో ముందే చూచి ఉన్నారు. తరువాతి కథ లోకవిదితము: గ్రాంథికవాదులతో ఏండ్ల తరబడి వాదములు, 1911లో ఉద్యోగ విరమణ, 1919లో తెలుగు అను మాసపత్రిక, 1925లో తణుకు సభలో గంటల తరబడి ప్రసంగము. వాదములో వారు కటువుగా ఉండిన సందర్భములు లేకపోలేదు. కాని బల్లకు ఆవల ఉన్నవాడు చదువరాని పిల్లవాడని మరువని మనిషి కోపమది.

డెబ్బదికి చేరువైన వయసున 1931లో సవర భాషా వ్యాకరణమును ఇంగ్లీషులో వ్రాయగా మద్రాసు ప్రభుత్వము ముద్రించినది. ఆ దశాబ్దములోనే ఇంగ్లీషు సవర, సవర ఇంగ్లీషు నిఘంటువులు వెలువడినవి. విశ్వవిద్యాలయములు ఆచార్యులను, సహాయకులను ఇచ్చి చేయించు పని ఇది. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఇంట కూర్చుండి చేసినాడు. ముండా భాషలపై పనిచేయు విద్వాంసులు దేశవిదేశములలో నేటికిని ఆ గ్రంథములను చూడక ముందుకు పోరు. 1934లో కైజర్-ఇ-హింద్ పతకము, 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి కళాప్రపూర్ణ బిరుదము లభించినవి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినది. పర్లాకిమిడి అందు చేరినది. అది సమ్మతముకాని పంతులుగారు, అర్ధశతాబ్దికి మించి నివసించిన ఊరిని, ఇంటిని విడిచి రాజమహేంద్రవరము చేరినారు. తెలుగు అభిమానముచే ఆయన చేసిన పని అది. కాని దానితో సవర కొండలు కూడ వెనుక నిలిచిపోయినవి. సరిహద్దు గీత సవరల నడుమనుండియే పోయినది. కొందరు ఒరిస్సాలో, కొందరు శ్రీకాకుళపు మన్యములో మిగిలినారు. ఆ సంవత్సరమే సవరలలో పుట్టిన మంగయి గొమాంగో తమ భాషకు సోరంగ్ సొంపెంగ్ అను స్వంత లిపిని కల్పించినాడు. పంతులుగారు కూర్చిన తెలుగు అక్షరములకంటె, ఇంగ్లీషు ధ్వనిచిహ్నములకంటె తమవియని చెప్పుకొనదగిన అక్షరములు ఆ జాతి కోరుకొనుట సహజమే.

1940 జనవరి 22న, డెబ్బది ఆరేండ్ల వయసున, రామమూర్తి పంతులుగారు దివంగతులైనారు. 1956లో భారత రాజ్యాంగమునకు 350-ఎ అధికరణము చేర్చబడి, భాషాపరమైన అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సమకూర్చుట రాష్ట్రముల బాధ్యతయైనది. ఆచరణకు మరి అర్ధశతాబ్ది పట్టినది. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ, గోండీ, కువి, కొలామీ మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతులకు వాచకములు సిద్ధపరచి, ఆ భాషలు వచ్చినవారినే ఉపాధ్యాయులుగా పెట్టి బోధన ఆరంభించినది. ఆ ఎనిమిదింట సవర ఒకటి. శ్రీకాకుళపు మన్యములో ఒకటవ తరగతి పిల్లల చేతికి వచ్చిన ఆ సవర వాచకము, పంతులుగారు మొదట వ్రాసినట్లే, తెలుగు లిపిలో అచ్చయినది.