మైకేల్ ఫారడే

విద్యుత్తు లోహపు తీగలలో ప్రవహించును. గాజు, లక్క, గంధకము మొదలగు వానిలో ప్రవహింపదు. అందుచేత మొదటివానిని వాహకములనియు, రెండవవానిని బంధకములనియు పిలుతురు. బంధకములు విద్యుత్తును అడ్డగించుట తప్ప వేరొక పని చేయవని పండితులు చాల కాలము తలంచిరి. ఆ తలంపు సరికాదని లోకమునకు ప్రయోగపూర్వకముగా చూపినవాడు మైకేల్ ఫారడే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, లండను నగరము చెంతనున్న న్యూవింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ కమ్మరి. అతడు తరచు వ్యాధిగ్రస్తుడగుటచే కుటుంబము దారిద్ర్యమున మునిగియుండెను. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు. ఇంతకు మించి ఫారడేకు బడిచదువు లభింపలేదు. పదమూడవ యేట అతడు రీబో అను పుస్తక వర్తకుని కొట్టులో పనికి కుదిరెను. మరుసటి యేటినుండి ఏడు సంవత్సరములు అచ్చటనే పుస్తకములు కుట్టి అట్టలు కట్టు పని నేర్చెను. తాను కుట్టిన పుస్తకములనే తీరిక వేళలందు చదివెడివాడు. విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని మనస్సును మిక్కిలి ఆకర్షించెను.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థలో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చిన ఉపన్యాసములలో నాలుగింటిని వినుభాగ్యము అతనికి కలిగెను. వినిన విషయములనెల్ల వ్రాసికొని, పటములు గీచి, తన చేతులతోనే అట్టకట్టి, ఆ పుస్తకమును డేవీకి పంపెను. 1813 మార్చిలో డేవీ అతనిని ప్రయోగశాలలో సహాయకునిగా నియమించెను. 1831లో, కదలుచున్న అయస్కాంతముచే తీగచుట్టలో విద్యుత్తును పుట్టించి, ఫారడే ప్రఖ్యాతి గాంచెను.

రెండు విద్యుదావేశములు నడుమనున్న పదార్థముతో నిమిత్తము లేకుండ, దూరమునుండియే ఒకదానిపై నొకటి పనిచేయునని నాటి గణితవేత్తలు నమ్ముచుండిరి. ఫారడేకు ఉన్నత గణితమున ప్రవేశము లేదు. వారిని ఎదిరించుటకు అతనికి ప్రయోగమొక్కటే సాధనము.

అతడు ఒకే కొలతలు గల రెండు పరికరములు చేయించెను. ఒక్కొక్క దానిలో బోలుగానున్న ఇత్తడి గోళము, దాని నడుమ తగులకుండ అమర్చిన మరియొక చిన్న గోళము ఉండెను. రెండింటి సందులందును గాలియే యున్నప్పుడు, ఒకదానికిచ్చిన ఆవేశమును రెండును చెరిసగము పంచుకొనెను. పిమ్మట ఒకదాని సందులో, క్రింది సగమున, లక్కతో చేసిన డొప్పను అమర్చెను. ఈసారి పంపకము సమానము కాలేదు. లక్కయున్న పరికరమే ఎక్కువ పాలు గ్రహించెను. గాజు, గంధకములతోను అట్లే జరిగెను. ఈ ఫలితములను 1837లో అతడు రాయల్ సొసైటీకి నివేదించెను. విలియం హ్యూయెల్ అను పండితుని సలహాపై ఇట్టి పదార్థములకు డైఎలెక్ట్రికులను పేరు పెట్టెను.

ఇందులకు కారణమేమి? ఆవేశము చేరువనున్నప్పుడు బంధకములోని ప్రతి కణమునకును ఒక కొన ధనావేశము, రెండవ కొన ఋణావేశము కలుగుననియు, ఆ కణములు చిన్న అయస్కాంతపు సూదులవలె వరుసదీరుననియు ఫారడే ఊహించెను. ఇట్టి జంటనే నేడు విద్యుత్ ద్విధ్రువమందురు. ఆవేశము కణమునుండి కణమునకు పారదు. కాని గోళమునకు ఎదురుగా విరుద్ధావేశము గల కొనలు నిలుచుటచే గోళముపైనున్న ఆవేశపు బలము కొంత తగ్గును. అందువలన ఆ గోళము మరికొంత ఆవేశమును పట్టగలదు.

గణితవేత్తలు ఈ భావమును వెంటనే అంగీకరింపలేదు. ఇంతలో అధికశ్రమవలన ఫారడే ఆరోగ్యము చెడెను, జ్ఞాపకశక్తి సన్నగిల్లెను. కొన్ని సంవత్సరములు పరిశోధనలను తగ్గించి విశ్రమింపవలసి వచ్చెను. అయినను తన అభిప్రాయమును విడువలేదు. 1855 మొదలుకొని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అతని భావములకు గణితరూప మిచ్చెను. నీరు మొదలగు వాని అణువులు స్వభావముచేతనే ద్విధ్రువములని 1912లో పీటర్ డిబై వివరించెను. అందుచేతనే నీటిలో ఆవేశముల నడిమి బలము గాలిలోని దానిలో సుమారు 80వ వంతునకు తగ్గును.

ఫారడే సర్ బిరుదమును నిరాకరించెను. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని సైతము వలదనెను. 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టులో కన్నుమూసెను. ఆవేశమును నిలువచేయు సామర్థ్యమునకు కొలమానమైన ఫారడ్ అతని పేరనే వెలసినది. అందరును జడములని విడిచిన పదార్థములను ఓపికతో పరీక్షించి, వాని లోపలి వ్యవహారమును బయటపెట్టిన ఆ కమ్మరి బిడ్డ కీర్తి చిరస్థాయియై యున్నది.