మెదడు పటాన్ని గీసిన వైద్యుడు

మానవ శరీరంలోని అవయవాలన్నింటిలోకీ మెదడు మిక్కిలి నిగూఢమైనది. మాట, చూపు, కదలిక, జ్ఞాపకం అన్నింటికీ అదే మూలమైనా, ఏ శక్తి ఏ భాగంలో నెలకొని ఉన్నదో చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. సన్నని ఎలక్ట్రోడు సాయంతో ఆ రహస్యాన్ని శోధించి, మూర్ఛరోగులకు ఊరట కలిగించిన శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్.

ఆయన 1891 జనవరి 26న అమెరికాలోని స్పోకేన్ నగరంలో జన్మించాడు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, రోడ్స్ ఉపకార వేతనంతో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు. అక్కడ నాడీశాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్ శిష్యరికం ఆయన జీవిత మార్గాన్ని నిర్ణయించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో, ఆయన ప్రయాణిస్తున్న ససెక్స్ నౌక టార్పెడో దాడికి గురైంది. గాయపడిన పెన్‌ఫీల్డ్ ప్రసిద్ధ వైద్యుడు విలియం ఆస్లర్ ఇంట కోలుకున్నాడు. 1918లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందాడు.

1928లో ఆయన కెనడాలోని మాంట్రియల్ నగరానికి చేరాడు. ఆ సంవత్సరాంతంలోనే కఠిన పరీక్ష ఎదురైంది. తోబుట్టువైన రూత్ మెదడులో కంతి ఉన్నట్లు తేలింది. ఆయనే స్వయంగా శస్త్రచికిత్స చేశాడు. కాని కంతిని పూర్తిగా తొలగించడం సాధ్యపడలేదు. 1931లో ఆమె మరణించింది. ఆ దుఃఖానికి ఆయన క్రుంగిపోలేదు. వైద్యులు, పరిశోధకులు ఒకే చోట కలిసి పనిచేసే సంస్థ ఉండాలని సంకల్పించాడు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో 1934లో మాంట్రియల్ నాడీవైద్య సంస్థ ప్రారంభమైంది.

మందులకు లొంగని మూర్ఛకు కారణమైన భాగాన్ని తొలగించవచ్చు. కాని పొరపాటున పక్క భాగం తెగితే రోగి మాటనో, చేతి కదలికనో కోల్పోతాడు. ఈ చిక్కుకు పెన్‌ఫీల్డ్ అనుసరించిన మార్గం సాహసోపేతమైనది. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. అందువల్ల తలపై చర్మానికి మాత్రమే మత్తుమందిచ్చి, రోగి మెలకువగా ఉండగానే మెదడు ఉపరితలాన్ని స్వల్ప విద్యుత్తుతో తాకేవాడు. ఒకచోట తాకితే వేలు కదిలేది. మరొకచోట తాకితే ఎదుటి బొమ్మ పేరు నోట వచ్చేది కాదు. అటువంటి స్థానాలపై అంకెలు వేసిన చిన్న కాగితపు ముక్కలుంచి, వాటిని కాపాడుతూ శస్త్రచికిత్స సాగించేవాడు. కొందరు రోగులకు పాత సంగీతమో, పరిచిత కంఠాలో వినిపించేవి. అవి నిజమైన జ్ఞాపకాలేనా అన్న విషయంలో తరువాతి శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయానికి రాలేదు.

ఈ పరిశీలనల ఫలితంగా మెదడులో దేహభాగాల పటం రూపొందింది. విశాలమైన వీపుకంటె చిన్నవైన పెదవులకు, చేతివేళ్లకు అందులో ఎక్కువ చోటు దక్కింది. మెదడు విద్యుత్తరంగాలను నమోదు చేయడంలో నిపుణుడైన హెర్బర్ట్ జాస్పర్ ఆయనకు తోడై నిలిచాడు. 1953లో బ్రిటన్ ఆయనను ఆర్డర్ ఆఫ్ మెరిట్‌తో గౌరవించింది. 1976 ఏప్రిల్ 5న ఆయన కన్నుమూశాడు.

2013లో అమెరికా ఆమోదించిన ఒక పరికరం, మెదడులో అమర్చిన ఎలక్ట్రోడుల ద్వారా మూర్ఛ తరంగాలను పసిగట్టి, వెంటనే చిన్న విద్యుత్ స్పందన పంపి వాటిని అణచివేయడానికి తోడ్పడుతుంది. మెదడు పలుకును విని తగిన బదులిచ్చే ఇటువంటి చికిత్సలకు పెన్‌ఫీల్డ్ వంటివారి కృషి బాట వేసింది. సోదరిని రక్షించుకోలేని వేదనను వేలాది రోగుల సేవగా మలచుకోవడమే ఆయన జీవితం మనకందించే సందేశం.