ముగ్గురి చావు.. వేలూరు ఆసుపత్రికి పునాది

చిత్తూరు జిల్లా పల్లెల్లో రోగం ముదిరితే వేలూరుకి తీసుకుపోవాల్సిందే అంటారు. ఆ నమ్మకానికి పునాది వేసింది డాక్టర్ ఐడా స్కడర్.

ఆమె 1870లో రాణిపేటలో మిషనరీ డాక్టర్ల కుటుంబంలో పుట్టారు. అమెరికాలో చదువుకున్నారు. మళ్లీ ఇక్కడ స్థిరపడాలన్న ఆశే లేదు. తల్లికి జబ్బు చేసిందని 1890లో తిండివనం వచ్చారు. ఓ రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. ఐడాకు వైద్యం రాదు. తండ్రి డాక్టరే.. కానీ మగ డాక్టరు చెయ్యి వేయడానికి వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ఆ తల్లులు ముగ్గురూ చనిపోయారు.

ఐడా అమెరికా వెళ్లి 1899లో డాక్టరయ్యారు. 1900లో వేలూరులో ఇంట్లోనే ఒక్క మంచంతో వైద్యం మొదలెట్టారు. 1902కల్లా 40 పడకల ఆసుపత్రి లేచింది. అయినా అంతదూరం రాలేని పేదలెందరో. అందుకే వారానికోసారి గుడియాత్తం దారిన తానే వెళ్లేవారు. మొదట ఎద్దులబండిలో, తర్వాత మోటారు కారులో. రోడ్డు పక్కన ఆగి రోగుల్ని చూసి మందులిచ్చేవారు.

ఒక్కరితో అయ్యే పని కాదని 1918లో ఆడపిల్లలకు మెడికల్ స్కూలు తెరిచారు. వీళ్లు నెగ్గుతారా అని అధికారులకు అనుమానం. 1922లో పరీక్ష రాసిన 14 మందీ పాసయ్యారు! 1947లో అబ్బాయిలకూ చోటిచ్చారు. అదే నేటి సీఎంసీ.

పెళ్లి చేసుకోని ఐడా 1960 మే 24న కొడైకెనాల్‌లో కన్నుమూశారు. డబ్బు కట్టలేనివారికి రాయితీపై వైద్యం చేసే పద్ధతి సీఎంసీలో ఇప్పటికీ ఉంది.