బెడ్ ప్యాన్లు కడిగిన డాక్టరు

పదో తరగతి బయాలజీలో ఏటీపీ గురించి అందరం చదివాం. కణాలకి శక్తినిచ్చేది అని రాసి, మార్కులు తెచ్చుకుని, ఎంపీసీలో చేరగానే మర్చిపోయాం. ఆ ఏటీపీని మొదట గుర్తించినవాళ్ళలో ఒకాయన మన భీమవరం మనిషి. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనిపెట్టిన మందుల గురించి నెట్‌లో చాలానే ఉంది. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది ఆయన ఒక్కో మలుపులో ఏ దారి పట్టాడు, ఎందుకు పట్టాడు అన్నది. ఎందుకంటే ఆ మలుపుల్లో చాలావరకు ఆయన కోరుకున్నవి కావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. చదువు మీద పెద్దగా మనసు లేదు. పదమూడేళ్ళ వయసులో ఒక చుట్టాలబ్బాయితో కలిసి కాశీకి బయల్దేరాడు, అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని. దారిలోనే దొరికిపోయాడు, ఇంటికి తెచ్చేశారు. తర్వాత మెట్రిక్ పాసవడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్ళింది. సన్యాసం తీసుకుందామనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే ఆ సేవ ఇంకో రకంగా చేయొచ్చు కదా అని పెద్దలు నచ్చజెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఫీజులకి స్నేహితులు సాయం చేశారు, తర్వాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్ళయింది.

అవి గాంధీజీ పిలుపు ఊపందుకుంటున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌కి ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. ఫలితం ఏంటంటే, చదువంతా పూర్తిచేసినా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే కింది స్థాయి ఎల్ఎంఎస్. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించాడు, రాలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పనిలో చేరాడు.

ఈ మధ్యలోనే ఆ ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. ఈ జబ్బులో తిన్న తిండి ఒంటికి పట్టదు, మనిషి చిక్కి శల్యమైపోతాడు. అదే జబ్బు సుబ్బారావుకీ వచ్చింది. లక్ష్మీపతి గారి వైద్యంతో బతికాడు. తను బతికి, వాళ్ళు పోయారు. దానికి మందు ఎందుకు లేదు అన్న ప్రశ్న ఆయన్ని ఇక వదల్లేదు.

1920ల మొదట్లో ఓడెక్కి అమెరికా వెళ్ళాడు. ఖర్చుకి మామగారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేశారు. బోస్టన్‌లో దిగి, హార్వర్డ్ వాళ్ళ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరాడు. అక్కడ మళ్ళీ తలుపు మూసుకుంది. మద్రాసులో చదివిన వైద్యం అమెరికాలో డాక్టరుగా పనిచేయడానికి చాలలేదు. తిండికి, గదికి డబ్బులు కావాలి. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పని దొరికింది. రోగుల కింద పెట్టిన బెడ్ ప్యాన్లు, మూత్రం సీసాలు తీసి కడగడం. ఇప్పటి భాషలో వార్డు బాయ్, లేదా నర్సింగ్ అసిస్టెంట్. డాక్టరు చదువు చదివినవాడు ఆ పనిలో చేరాడు, పగలు చదువుకున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. మా పిన్ని కూతురు ఈ ఏడాది బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. కొన్ని నెలల నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేసి సూర్యారావుపేటలో ఏదో ఒక ఆసుపత్రిలో చేరిపోనా, మూడేళ్ళ జీఎన్ఎం చేయనా, లేక మామూలు డిగ్రీ చదవనా అని తేల్చుకోలేకపోతోంది. ఇంట్లో పెద్దలకి మాత్రం ఒకటే బాధ, మలమూత్రాలు ఎత్తే పని అని. సుబ్బారావు కథ చెప్తే ఆ నోళ్ళు మూతపడతాయని మొదట అనుకున్నా. ఆలోచిస్తే అది సరైన వాదన కాదనిపించింది. ఎందుకంటే ఆయన ఆ పనిలో ఉండిపోలేదు, దాటి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక కూడా ఆ వార్డులో రోగులున్నారు, ఆ బెడ్ ప్యాన్లు ఇంకెవరో కడిగారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు. పెద్దాయన చేశాడు కాబట్టి ఆ పనికి గౌరవం వచ్చిందంటే, చివరిదాకా ఆ పనే చేసినవాళ్ళకి గౌరవం లేదన్నట్టే కదా. ఆయన జీవితం నుంచి మనకి పనికొచ్చేది ఇంకోటి ఉంది. ఆయన ఆ పనిని అవమానంగా తీసుకుని ఇంటికి తిరిగి రాలేదు. అదే తన గమ్యం అనీ అనుకోలేదు. తనకి జవాబు కావాల్సిన ప్రశ్న ఏదో ఆయనకి తెలుసు. ఆ ప్రశ్న దగ్గరికి తీసుకెళ్ళే పని ఏదైనా చేశాడు.

ఆ తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ల్యాబ్‌లో చేరాడు. 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే అది బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఉంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. కండరం కదలడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న విషయంలో అప్పటిదాకా ఉన్న నోబెల్ స్థాయి సిద్ధాంతాన్నే అవి మార్చేశాయి. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పర్మనెంట్ ఉద్యోగం మాత్రం రాలేదు.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబ్స్‌లో చేరాడు, త్వరలోనే రీసెర్చి డైరెక్టర్ అయ్యాడు. ఇక ఎనిమిదేళ్ళలో జరిగింది చూడండి. 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ ఆయన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ చేతిలో బయటపడింది. స్ప్రూకి ఇప్పుడిచ్చే వైద్యం ఏంటో తెలుసా? ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన జబ్బుకి జవాబు దొరికింది, పాతికేళ్ళు ఆలస్యంగా.

ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందులు కూడా ఆ ల్యాబే చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి వాడి చూశాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. పిల్లల లుకేమియా ఒక మందుకి లొంగడం అదే మొదలు. ఆ చికిత్స జరిగింది బోస్టన్‌లోనే, ఒకప్పుడు ఆయన రాత్రులు బెడ్ ప్యాన్లు కడిగిన ఊళ్ళోనే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది.

దీనికి ఆయన ఇంట్లోవాళ్ళు కట్టిన ఖరీదు కూడా చెప్పుకోవాలి. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు నెలల పిల్లాడిగానే పోయాడు, తండ్రి వాణ్ణి చూడలేదు. సుబ్బారావు మళ్ళీ ఇండియాకి రానేలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 53. ఏ దారి పట్టినా ఏదో ఒకటి వదులుకోవాలి. ఆయన వదులుకున్నది చిన్నది కాదు.

ఆయన చివరి మందుల్లో ఒకటి మనకి బాగా దగ్గరిది. పేరు డైఇథైల్ కార్బమజీన్, షార్ట్‌గా డీఈసీ. బోదకాలు మందు. కాలువలు, మురుగు, దోమలు ఉన్న మన డెల్టాలో బోదకాలు ఎంత బాధపెట్టిందో అమ్మమ్మలనీ తాతయ్యలనీ అడిగితే చెప్తారు. ఇంటింటికీ పంచే బోదకాలు మాత్రల్లో ఉండేది అదే. ఈసారి ఆశా వర్కర్ తలుపు కొట్టి మాత్రలిస్తే, దాని వెనక ఒక భీమవరం అబ్బాయి ఉన్నాడని గుర్తుపెట్టుకోండి. ఎండలో మీ గుమ్మం దాకా తెచ్చిన ఆవిడకి ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాత మాత్ర వేసుకోండి.