సమాజాన్ని చదివిన మహనీయుడు - ఇబ్నె ఖల్దూన్

మానవుడు సంఘజీవి అన్న వాక్యంతో సమాజశాస్త్ర పాఠం ఆరంభం కావడం మన కళాశాలల్లో పరిపాటి. ఆ వెంటనే ఆగస్ట్ కోంత్ పేరు వినిపిస్తుంది. ఈ శాస్త్రానికి సోషియాలజీ అని నామకరణం చేసినవాడు ఆ ఫ్రెంచి తత్త్వవేత్తే కనుక అది ఉచితమే. అయితే కోంత్ జననానికి నాలుగు శతాబ్దాలకు పూర్వమే, ఉత్తర ఆఫ్రికాలోని ఒక మారుమూల కోటలో కూర్చుని, మానవ సమాజాన్ని గురించి ప్రత్యేకమైన శాస్త్రం ఒకటి అవసరమని గుర్తించి, దానికి ఇల్ముల్ ఉమ్రాన్ అని పేరుపెట్టి, మహాగ్రంథం రచించిన విద్వాంసుడు ఒకరున్నారు. ఆయనే ఇబ్నె ఖల్దూన్.

ఆయన క్రీ.శ. 1332వ సంవత్సరం మే 27న ట్యూనిస్ నగరంలో జన్మించారు. పూర్వీకులు స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో తరతరాలుగా పలుకుబడి గల ప్రముఖులు. 1248లో ఆ నగరం కాస్టీల్ రాజుల వశం కావడానికి ముందే వారు సముద్రం దాటి ఆఫ్రికా తీరం చేరారు. పోగొట్టుకున్న వైభవాన్ని తలచుకొనే ఇంట పెరిగిన ఆ బాలుడు ఖురాన్, హదీసు, ధర్మశాస్త్రం, తర్కం, గణితం మొదలైన విద్యలను ఉద్దండులైన గురువుల వద్ద అభ్యసించాడు.

1348-49లో ప్రబలిన మహామారి ప్లేగు ఆ చదువుకు, ఆ బాల్యానికి ఒక్కసారిగా ముగింపు పలికింది. తల్లి, తండ్రి, గురువులలో అనేకులు ఆ వ్యాధికి బలయ్యారు. అప్పటికి ఆయన వయస్సు పదిహేడేళ్లు. జనంతో కళకళలాడిన ఊళ్లు పాడుపడటం, దారులు నిర్మానుష్యం కావడం, రాజ్యాలు బలహీనపడటం ఆయన కళ్లారా చూశారు. నాగరికత శాశ్వతమన్న భ్రమ ఆయనకు ఆ వయస్సులోనే తొలగిపోయింది.

తరువాతి పాతికేళ్లు రాజాస్థానాలలో గడిచాయి. ఫెజ్‌లో సుల్తాన్ అబూ ఇనాన్ కొలువులో చేరి, కుట్రలో భాగస్వామి అన్న అనుమానంపై దాదాపు రెండేళ్లు కారాగారవాసం అనుభవించారు. గ్రెనడా సుల్తాన్ పక్షాన 1364లో కాస్టీల్ రాజు పెడ్రో వద్దకు రాయబారిగా వెళ్లారు. తన కొలువులో ఉండిపోతే పూర్వీకుల ఆస్తిని తిరిగి ఇప్పిస్తానని పెడ్రో ఆశచూపినా ఆయన అంగీకరించలేదు. బిజాయాలో మంత్రిపదవి నిర్వహించారు. పన్నుల వసూలుకు బెర్బర్ తెగల మధ్య సంచరించారు. ఒక ప్రభువు ఓడిపోతే మరొక ప్రభువు పక్షం వహించిన సందర్భాలూ లేకపోలేదు. ఆయన విమర్శకులు నేటికీ ఎత్తిచూపే లోపం అదే. 1374లో తన మిత్రుడు, మహాకవి, గ్రెనడా మంత్రి ఇబ్నుల్ ఖతీబ్ ఫెజ్ చెరసాలలో హత్యకు గురయ్యారు. అధికారమనే చెట్టు ఏ ఫలాలు ఇస్తుందో ఇబ్నె ఖల్దూన్‌కు బోధపడింది.

1375లో రాజకీయాలకు స్వస్తి చెప్పి, నేటి అల్జీరియాలోని ఖల్అత్ ఇబ్నె సలామా అనే కోటలో కుటుంబంతో నివసించారు. అక్కడ గడిపిన దాదాపు నాలుగేళ్లలోనే, 1377లో, ముఖద్దిమా తొలిప్రతిని అయిదు మాసాలలో పూర్తిచేశారు. తాను రాయదలచిన ప్రపంచ చరిత్రకు అది పీఠిక మాత్రమే. కాని పీఠికయే మూలాన్ని మించిపోయింది.

అందులోని మూలసూత్రం సరళమైనది. మనిషి పుట్టుగుణమని మనం భావించేది చాలావరకు అతని అలవాటే. ఆ అలవాటును ఇచ్చేది అతడు బ్రతికే తీరు. ప్రాకారాల చాటున, కావలివారి రక్షణలో జీవించే పట్టణవాసి ధైర్యం కోల్పోతాడు. తన రక్షణ తానే చూసుకోవలసిన ఎడారివాసి దానిని నిలుపుకొంటాడు. రక్తంలో తేడా లేదు, జీవనంలోనే తేడా. కఠినంగా దండించి చదువు చెబితే విద్యార్థి ఉత్సాహం నశించి, దెబ్బలకు వెరచి అబద్ధమాడటం, కపటం నేర్చుకొంటాడని కూడా ఆయన హెచ్చరించారు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్న మావంటివారు గుర్తుంచుకోదగిన హెచ్చరిక అది.

మనుషులను ఒక్కటిగా నిలిపే బంధానికి ఆయన అసబియ్యత్ అని పేరుపెట్టారు. కష్టాలను కలిసి అనుభవించినవారిలో అది దృఢంగా ఉంటుంది. ఆ బలంతో వారు రాజ్యం సాధిస్తారు. తరువాతి తరం భోగాలకు అలవాటుపడుతుంది. మూడవ తరానికి ఆ బంధమే మిగలదు. తరానికి నలభై ఏళ్ల చొప్పున రాజవంశం ఆయువు సాధారణంగా 120 ఏళ్లని ఆయన లెక్కగట్టారు. ఆరంభంలో తక్కువ పన్నులతో ఎక్కువ రాబడి, అంత్యదశలో ఎక్కువ పన్నులతో తక్కువ రాబడి ఉంటాయని కూడా గమనించారు.

నల్లని మేనిఛాయ ఒక పురాతన శాపఫలితమన్న కట్టుకథను ఆయన ఖండించి, అది శీతోష్ణస్థితుల ప్రభావమని వాదించారు. అయినా దక్షిణాన సుదూరంగా నివసించే నల్లజాతులను గురించి ఆయన రాసిన కొన్ని మాటలు ఈనాడు మనం అంగీకరించరానివి. సమాజం మనిషిని మలుస్తుందని చెప్పిన వ్యక్తిని కూడా తన కాలం మలచింది. ఆయన సిద్ధాంతానికి అదొక నిదర్శనమే తప్ప ఆ మాటలకు సమర్థన కాదు.

1382లో ఆయన ఈజిప్టు చేరి, కైరోలో అధ్యాపకులై, 1384లో మాలికీ ప్రధాన ఖాజీగా నియమితులయ్యారు. సిఫారసులకు లొంగక, కల్లసాక్షులను, లంచగొండులను శిక్షించడంతో శత్రువులు పెరిగారు. అదే ఏడాది ట్యూనిస్ నుండి వస్తున్న ఆయన కుటుంబం ఓడ మునిగి సముద్రం పాలయింది. కొద్దికాలానికే పదవీ పోయింది. ఓడినవాడు గెలిచినవాని వేషభాషలను అనుకరిస్తాడని రాసిన ఆయన, కైరోలో న్యాయపీఠంపై సైతం తన మగ్రిబీ దుస్తులనే ధరించారు. పరిసరాల శక్తి తెలిసినవాడు దానికి తలవంచక తప్పదన్న నియమమేదీ లేదని ఆయన నడత తెలుపుతున్నది.

1401 ఆరంభంలో తైమూరు డమాస్కస్‌ను ముట్టడించినప్పుడు, అరవై ఎనిమిదేళ్ల ఈ వృద్ధుడు కోటగోడపై నుండి తాళ్లతో కిందికి దిగి ఆ విజేతను కలుసుకొన్నారు. అనేక దినాలు వారి మధ్య సంభాషణ సాగింది. కాని ఆయన పాండిత్యం ఆ నగరాన్ని రక్షించలేకపోయింది. డమాస్కస్ దోపిడికి గురై దగ్ధమైంది.

ఆరవసారి ఖాజీగా నియమితులై, ఆ పదవిలో ఉండగానే 1406 మార్చి 17న కైరోలో పరమపదించారు. ముఖద్దిమాను తరువాతి శతాబ్దాలలో తుర్కీ పండితులు ఆదరించారు. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రెంచిలోకి, 1958లో రోజెంతాల్ కృషితో పూర్తిగా ఆంగ్లంలోకి అనువదించారు.

ఒక జాతి పుట్టుకతోనే సోమరి అని, ఒక మతంవారు స్వభావరీత్యా ఇంతేనని, ఒక వాడ పిల్లలకు చదువు అబ్బదని తేలికగా తీర్పుచెప్పేవారు ప్రతి కాలంలోనూ ఉంటారు. అటువంటి మాట విన్నప్పుడు, వారు ఎట్లా బ్రతుకుతున్నారో ముందు చూశావా అని అడగడం ఇబ్నె ఖల్దూన్ మనకు నేర్పిన పాఠం. ఆ ప్రశ్నను ఇతరులను గురించి వేసే ముందు మన అలవాట్లను గురించి మనమే వేసుకోగలిగితే, ఆ మహనీయుని జీవితం చదివినందుకు సార్థకత చేకూరుతుంది.