జెండా ఇచ్చిన చేతికి దక్కింది సిపాయి స్థలమే
పింగళి వెంకయ్య గారి జీవిత విశేషాలు

మొవ్వ: ఆగస్టు 15, జనవరి 26 తేదీలలో దివిసీమలోని పల్లె మొదలు ఢిల్లీ ఎర్రకోట వరకు మూడు రంగుల జెండా ఎగురుతుంది. ఆ జెండాకు తొలి రూపం గీసిన పింగళి వెంకయ్య గారు ఈ ప్రాంతం బిడ్డ. యవ్వనంలో తెల్లదొరల సైన్యంలో సిపాయిగా పనిచేసి, నడివయసులో జాతికి జెండా సమకూర్చి, ముసలితనంలో బెజవాడ చిట్టినగరులో ఒక గుడిసెలో కాలం వెళ్లబుచ్చారు. ఆ గుడిసె వేసుకున్న స్థలం జెండా ఇచ్చినందుకు వచ్చింది కాదు. ఒకప్పుడు సైన్యంలో పనిచేసినందుకు వచ్చింది.

వెంకయ్య గారు 1876 ఆగస్టు 2న కూచిపూడి దగ్గరి భట్లపెనుమర్రు గ్రామంలో జన్మించారు. తల్లి వెంకటరత్నమ్మ, తండ్రి హనుమంతరాయుడు. తండ్రి యార్లగడ్డ గ్రామ కరణం. తల్లిగారి తండ్రి అడవి వెంకటాచలం గారు దివిసీమలో కృష్ణ ఒడ్డునున్న పెదకళ్లేపల్లిలో ఠాణేదారు. తాతగారికి చల్లపల్లి బదిలీ కావడంతో మనుమడి చిన్న చదువు చల్లపల్లిలో సాగింది. ఆపైన బందరు హిందూ హైస్కూలులో చేరారు.

కరణం గారి అబ్బాయి కరణీకమే చేస్తాడని ఆ రోజులలో ఎవరైనా అనుకుంటారు. వెంకయ్య గారు మాత్రం సైన్యంలో చేరారు. అప్పుడు దక్షిణాఫ్రికాలో ఆంగ్లేయులకు, బోయర్లకు యుద్ధం నడుస్తున్నది. 1899 అక్టోబరులో మొదలైన ఆ యుద్ధం 1902 మే నెలలో గాని ముగియలేదు. బ్రిటిషు పటాలంతో ఓడ ఎక్కి వెంకయ్య గారు అక్కడికి వెళ్లారు. అదే యుద్ధంలో గాంధీజీ సుమారు 1,100 మంది భారతీయులతో క్షతగాత్రులను మోసే దళాన్ని నడిపారు. వారిద్దరికీ పరిచయం అక్కడే కలిగిందని వెంకయ్య గారి చరిత్ర రాసినవారు పేర్కొన్నారు. పరాయి రాజు జెండాకు రోజూ వందనం చేయవలసి రావడం ఆ యువకుని మనసులో ముల్లులా గుచ్చుకున్నదని, మనకంటూ ఒక జెండా ఎందుకు లేదన్న ఆలోచన అప్పుడే మొలిచిందని కూడా చెబుతారు.

పనికొక పేరు

యుద్ధం నుంచి తిరిగివచ్చాక ఆయన ఒకచోట కుదురుగా నిలిచినవారు కారు. కొంతకాలం ప్లేగు ఇనస్పెక్టరుగా, కొంతకాలం రైల్వే గార్డుగా ఉద్యోగాలు చేశారు. చదువు మీద మమకారం చావక లాహోరు వెళ్లి ఆంగ్లో వేదిక్ కళాశాలలో ఉర్దూ, జపాను భాషలు నేర్చారు. 1913లో బాపట్ల సభలో జపాను భాషలో ఉపన్యసించేసరికి జనం ఆయనను జపాన్ వెంకయ్య అనసాగారు.

వ్యవసాయం వైపు కూడా మనసు మళ్లింది. మునగాల రాజా నాయని రంగారావు గారి ఆదరణతో నడిగూడెంలో ఉండి పత్తి సాగుపై పరిశోధనలు చేశారు. నైజాము రాజ్యం నడుమ ఉన్నప్పటికీ మునగాల పరగణా ఆ రోజులలో కృష్ణా జిల్లాలోనిదే. కంబోడియా పత్తి మీద చేసిన కృషికి మంచి పేరు వచ్చింది. దానితో పత్తి వెంకయ్య అయ్యారు. ఇలా చేపట్టిన పనినిబట్టి జనం పేరు మారుస్తూ వచ్చారు. చివరికి స్థిరపడిన పేరు జెండా వెంకయ్య.

బందరు కళాశాలలో

కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్ల పూనికతో 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. వెంకయ్య గారు అందులో ఉపాధ్యాయులుగా చేరారు. వ్యవసాయం, చరిత్ర బోధించడంతోపాటు విద్యార్థులకు గుర్రపుస్వారీ, సైనిక శిక్షణ కూడా నేర్పారు. బోయరు యుద్ధంలో గడించిన అనుభవం బందరు కుర్రవాళ్లకు ఈ విధంగా ఉపయోగపడింది.

ఆ రోజులలోనే వివిధ దేశాల జెండాలను సేకరించి, వాటి రంగులను, గుర్తులను పరిశీలించి, మన దేశానికి తగిన జెండా ఎలా ఉండాలో 30 నమూనాలతో 1916లో ఇంగ్లీషున ఒక పుస్తకం వేశారు. అంతటితో ఊరుకోలేదు. ఏటా కాంగ్రెసు మహాసభలకు వెళ్లడం, నాయకులను కలవడం, జెండా సంగతి ఎత్తడం ఆయనకు పనిగా మారింది. విని తల ఊపినవారే గాని పట్టించుకున్నవారు తక్కువ. అయినా పట్టు సడలించలేదు.

మూడు గంటలలో జెండా

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, ఇంటింటా తిరిగేందుకు 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించిన సమావేశం అదే. జెండాపై రాట్నం ఉండాలని జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ గారు సూచించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నం ఉండేలా ఒక నమూనా తయారుచేయమని గాంధీజీ వెంకయ్య గారిని అడిగారు. కళాశాలలో తోటివారైన ఈరంకి వెంకటశాస్త్రి గారి సాయంతో మూడు గంటలలో జెండా సిద్ధం చేసి వెంకయ్య గారు చేతికిచ్చారు.

అయితే అది సమావేశం ముందుంచే వేళకు అందలేదు. ఆలస్యం ఒకందుకు మేలే చేసింది. తీరికగా ఆలోచించిన గాంధీజీ తక్కిన మతాలవారికి కూడా చోటుండాలని తెల్లరంగు చేర్చమన్నారు. మూడు రంగుల జెండా పుట్టుక అది. బందరు జాతీయ కళాశాల వెంకయ్య గారు నాలుగేళ్లుగా పడుతున్న శ్రమను ఆ నెలలోనే గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో పేరుపెట్టి ప్రస్తావించారు.

ఆ జెండా అక్కడ ఆగలేదు. 1931లో రంగుల విషయం తేల్చడానికి కాంగ్రెసు ఒక సంఘాన్ని వేయగా, బందరు డాక్టరు పట్టాభి గారే దానికి కన్వీనరు. ఆ ఏడే కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులు ఖాయమయ్యాయి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రం ఉంచి జాతీయ పతాకాన్ని ఆమోదించింది. పలువురి ఆలోచన కలిసినా, ఎవరూ అడగని రోజులలో జెండా కావాలని తిరిగిన మనిషి వెంకయ్య గారే.

చివరి రోజులు

1924 నుంచి రెండు దశాబ్దాలు ఆయన నెల్లూరులో ఉండి అభ్రకంపై పరిశోధనలు చేశారు. వజ్రాల గనులను గురించి అధ్యయనం చేసి పుస్తకం రాశారు. వజ్రాల వెంకయ్య అన్న పేరు అప్పటిది. స్వాతంత్ర్యం వచ్చాక ఖనిజాల విషయంలో ప్రభుత్వానికి సలహాదారుగా 1960 వరకు పనిచేశారు. అప్పటికి ఎనభై దాటాయి. ఆ కొలువు ముగియడంతో రాబడి ఆగిపోయింది.

ఇన్ని విద్యలు నేర్చి, ఇన్ని పనులు చేసిన మనిషి నాలుగు రాళ్లు వెనకేసుకోలేదు. మాజీ సైనికునిగా దక్కిన చిట్టినగరు స్థలంలో గుడిసె వేసుకొని ఇబ్బందులతో రోజులు గడిపారు. పరాయి జెండా కింద కొద్ది కాలం చేసిన కొలువుకు తలదాచుకునే జాగా దొరికింది. సొంత జెండా కోసం పడిన పాట్లకు అదైనా దొరకలేదు. 1963 జనవరి 15న డాక్టర్ కె.ఎల్.రావు తదితరులు పూనుకొని విజయవాడలో ఆయనను సన్మానించి కొంత నిధి సమర్పించారు. మరి ఆరు నెలలు తిరగకుండానే జూలై 4న 86 ఏళ్ల వయసులో వెంకయ్య గారు కన్నుమూశారు.

గుర్తింపు ఆ తరువాత మెల్లగా వచ్చింది. 2009లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది. 2022 ఆగస్టు 2న మరో స్టాంపు విడుదలైంది. ఆయన చదివిన, చదువు చెప్పిన బందరులోని ప్రభుత్వ వైద్య కళాశాలకు ఆయన పేరు పెడుతున్నట్లు 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి ప్రకటించారు.

వెంకయ్య గారు బతికుండగా కోరినది మాత్రం ఒక్కటే. తాను పోయాక దేహంపై మూడు రంగుల జెండా కప్పాలి. శ్మశానం చేరాక దానిని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టాలి. సిపాయిగా మొదలైన మనిషి సిపాయికి జరిగే మర్యాదనే అడిగారు. తన దేహంతోపాటు జెండా కాలిపోకూడదని, చెట్టుమీద అది ఎగురుతూ ఉండాలని ఆయన ఆశ.